కొట్టేసిన రీడింగు

12 నవంబర్, బుధవారం

కంపెనీ మెడికల్ బోర్డు లెటర్ వచ్చింది. 24, సోమవారం, ఉదయం తొమ్మిదికి కొత్తగూడెంలో ఉండాలి.

నాకు బీపీ. బోర్డు నన్ను అన్‌ఫిట్ అంటే నా ఉద్యోగం కొడుకు వీరేందర్‌కు వస్తుంది. ఫిట్ అంటే నేను మళ్లీ బొగ్గు క్వారీలో పంపు దగ్గరికి, వాడు మళ్లీ కాంట్రాక్టరు టిప్పర్ మీదికి. కొడుక్కి రావాలంటే నాకు రెండేళ్ల సర్వీసు మిగిలి ఉండాలి. డిసెంబర్ దాటితే ఉండదు. ఇదే మొదటి బోర్డు, ఇదే చివరిది.

వాడికి ముప్పై ఒకటి. టిప్పర్ మీద తొమ్మిదేళ్లు. పోయిన వానాకాలం వాడి ముందు పోతున్న టిప్పర్ మట్టికట్ట మీంచి జారిపోయింది. చనిపోయిన ఆ డ్రైవర్ ఫోటో ఇంకా వాడి ఫోన్లో ఉంది. తీసెయ్యమని కోడలు మధులత చెప్తుంది. తీసెయ్యడు.

13 నవంబర్, గురువారం

వీరేందర్ దోస్తు జగదీష్ వచ్చాడు. రెండేళ్ల కింద వాళ్ల నాన్న అన్‌ఫిట్ అయ్యాడు, ఉద్యోగం ఇతనికి వచ్చింది. ఎట్లా అయ్యాడో వివరంగా చెప్పాడు. పది రోజులు బీపీ గోళీలు బంద్. పూటపూటకూ ఊరగాయ. నిద్ర తక్కువ. అన్నిటికంటే ముఖ్యం గుట్టలెక్కించడం. ఇంట్లో కూర్చోబెడితే అంకె పెరగదట. వీరేందర్ బడిలో కూడా అంత శ్రద్ధగా విని ఉండడు.

అట్లా టూరు ఖాయమైంది. భద్రాచలం, చింతూరు, మారేడుమిల్లి, అక్కడి గుట్టలు. చుట్టాలకు చెప్పడానికి, మనవరాలి ప్రాజెక్టు కోసం అని. అది పూర్తి అబద్ధం కాదు. భాను నాలుగో తరగతి. 25న సైన్స్ ఫెయిర్. పర్వతాలు, అగ్నిపర్వతాలు దాని టాపిక్. నోటుబుక్కులో అప్పుడే లిస్టు రాసుకుంది: గుట్ట, అడవి పార్కు, జలపాతం, అగ్నిపర్వతం. చూసినదానికల్లా టిక్కు పెడుతుందట. నాలుగోది ఈ చుట్టుపక్కల లేదని చెప్పాను. చూద్దాం తాతా అన్నది.

జగదీష్ పోయాక నా భార్య దుర్గ తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. మీ నాయినకు అబద్ధం రాదు, ఇంకేదన్నా చూడుండ్రి అని కొడుకుతో ఒక్క మాట అన్నది. ఇంకేం లేదమ్మా అన్నాడు వాడు. అంతే. ఆమె మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

14 నవంబర్, శుక్రవారం, ఉదయం 6

రోజూ ఈ టైముకు దుర్గ చాయ గ్లాసు మీద మూత పెట్టి తెస్తుంది. మూతలో రెండు గోళీలు. ఒకటి నాది, ఒకటి తనది. తనకూ బీపీయే. ఒకప్పుడు నేను షిఫ్టు తొందరలో గోళీ జేబులో వేసుకుని మరిచిపోయేవాణ్ణి. చొక్కాలు ఉతికినప్పుడు నానిన గోళీలు దొరికేవి. అప్పటినుంచి నేను మింగేదాకా నా గొంతు చూస్తూ నిలబడుతుంది. ఆ తర్వాతే తనది నోట్లో వేసుకుంటుంది. పన్నెండేళ్ల అలవాటు.

ఈ రోజు గ్లాసు మూత లేకుండా వచ్చింది.

వీరేందర్ బీపీ మిషన్ తెచ్చాడు. చేతికి పట్టీ కట్టి బటన్ నొక్కితే అంకెలు వస్తాయి. రోజుకు రెండుసార్లు నేనే చూసుకుని రాయాలి. అది నాకు కష్టం కాదు. ముప్పై ఒక్క ఏళ్లు క్వారీ అడుగు సంపులో నీటి మట్టం, పంపు ప్రెషర్ గంటగంటకూ లాగ్ బుక్కులో రాశాను. నేను చదువుకున్నదీ ఆ బుక్కులోనే. మూడో తరగతి వరకు చెప్పిన పంతులు నా రాత చూస్తే నమ్మడు.

ఉదయం 146/88. సాయంత్రం 148/88.

16 నవంబర్, ఆదివారం

156/92. వీరేందర్ ఈ రోజు రెండుసార్లు నవ్వాడు.

18 నవంబర్, మంగళవారం

షుకూర్ దగ్గర ఈకో బండి కిరాయికి తీసుకున్నాం. పొద్దున 6:20కి మీటర్ 61,240. వీరేందర్ స్టీరింగు, పక్కన నేను. వెనక దుర్గ, మధులత, భాను. కాళ్ల దగ్గర ఊరగాయ జాడీ.

ఊరు దాటుతుంటే క్వారీ మట్టి గుట్టలు కనిపించాయి. వాటి పక్కన బొగ్గు కుప్ప ఒకటి పొగలు కక్కుతోంది. భాను పెన్ను తీసి, మొదటిదీ నాలుగోదీ ఒకేసారి టిక్కు పెట్టొచ్చా అని అడిగింది. అది గుట్ట కాదు, మనం పోసిన మట్టి, లెక్కలోకి రాదు అన్నాడు వీరేందర్. పొగ వస్తున్నది కద డాడీ అన్నది. బొగ్గు ఊరికే పెట్టినా లోపల లోపల కాలుతది అని చెప్పాడు.

సారపాక దగ్గర వెదురు లారీల వెనక అరగంట. బ్రిడ్జి దాటి, భద్రాచలం గుడి మెట్లు ఎక్కి దిగాం. దర్శనం అయ్యాక వీరేందర్ నన్ను ఇంకోసారి మెట్లు ఎక్కించాడు. దుర్గ కూడా ఎక్కింది. నువ్వెందుకమ్మా అంటే, దేవుని దగ్గరికి ఎక్కుతున్న, నీకేంది అన్నది.

మధ్యాహ్నం గుండాల. గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడి నీళ్లు ఊరుతాయి. నేనూ భానూ చేతులతో తవ్వాం. మోచేతి లోతు పోయాక గోరువెచ్చగా తగిలింది. ఇంకో జానెడు పోతే చెయ్యి తీసేయాల్సి వచ్చింది. చుట్టూ చల్లటి ఇసుక, పక్కనే చల్లటి ఏరు. భాను చాలాసేపు ఆ గుంటను చూసింది.

తాతా, కింద అగ్గి ఉన్నదా అని అడిగింది. వేడి ఉన్నది, అగ్నిపర్వతం మాత్రం కాదు అన్నాను. పైకి ఏం కనపడతలేదు, మరి ఉన్నదని ఎట్ల తెలుస్తది అంది.

"కొలవాలె బిడ్డా. కొలిస్తే తెలుస్తది."

లిస్టులో నాలుగోదానికి సగం టిక్కు పెట్టింది. సగం టిక్కు ఏందే అని మధులత నవ్వింది.

ఈ రోజు కిలోమీటర్లు 58. బీపీ 158/92.

19 నవంబర్, బుధవారం

చింతూరు దాటాక అడవి. ఆ తర్వాత ఘాట్. వెదుర్లు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. మలుపు మలుపుకూ భాను లెక్క పెట్టి, అరవై దాటాక నిద్రపోయింది.

మారేడుమిల్లిలో లాడ్జి. ఒక గది, రెండు మంచాలు. సాయంత్రం రిహార్సల్ పెట్టాడు వీరేందర్. తను డాక్టరు. కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నేను తలుపు లోపలికి వచ్చి, రెండడుగులు వేసి, గోడ పట్టుకుని ఆగాలి. ఏమైంది అని అడిగితే దమ్ము వస్తలేదు సార్, గుండెల మంట సార్, మెట్లెక్కలేను సార్ అనాలి. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ నేను సంతకం పెట్టడానికి ఆఫీసుకు వచ్చినట్టు ఉందని మధులత అన్నది.

దుర్గ మంచం మీద కూర్చుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఈ టూరులో ఆమె అంతగా నవ్వింది అప్పుడే.

"దమ్ము రానోడు మాట్లాడడయ్యా. నువ్వు దమ్ము వస్తలేదని ఉపన్యాసం ఇస్తున్నవ్."

ఆమె చెప్పిందే నిజం. కాని మాట్లాడకుండా ఎట్లా నటించాలో ఎవరికీ తెలియలేదు.

160/94. కావలసింది నూట ఎనభై పైన. వీరేందర్ బయట బండి టైర్లు తన్ని చూస్తూ నిలబడ్డాడు. నా మీద కోపం కాదు. నాకు తెలుసు. అయినా అన్నం సహించలేదు. ఊరగాయ మాత్రం తిన్నాను.

20 నవంబర్, గురువారం

జలపాతం. కిందికి మెట్లు. దిగి ఎక్కాను, మళ్లీ దిగి ఎక్కాను. రెండోసారి కమ్మీ పట్టుకుని ఎక్కాను. దుర్గను బండిలో కూర్చోమన్నాం. వినలేదు. పడితే పట్టుకునేది ఎవరు అన్నది. నా వెనక ఒక మెట్టు కింద, రెండుసార్లూ ఎక్కింది. పైకి వచ్చాక తల పట్టుకుని రాయి మీద కూర్చుంది. ఎండ అనుకున్నాం. భాను జలపాతానికి టిక్కు పెట్టింది.

రాత్రి 7. నాది 162/94.

భాను మిషన్‌తో ఆడుకుంటోంది. తల్లికి కట్టింది, 118. తండ్రికి కట్టింది, 130. నానమ్మకు కట్టింది.

దుర్గ 196/114.

అందరం తలెత్తాం. జాకెట్టు చెయ్యి మీద కట్టినవ్, అట్లైతే తప్పొస్తది అని వీరేందర్ మిషన్ తీసుకున్నాడు. ఆ అంకె మామయ్యకు వస్తే ఎంత బాగుండు అని మధులత అన్నది. దుర్గే ముందుగా నవ్వింది. బ్యాటరీలు మార్చి నాకు కట్టి చూశారు. 164. ఇప్పుడు కరెక్టుగా ఉంది అన్నారు.

దుర్గ లైను కొట్టేశాను. లాగ్ బుక్కులో తప్పు రీడింగు అట్లా ఉంచకూడదు. ఒక గీత గీసి పక్కన సంతకం పెట్టాలి. పెట్టాను.

21 నవంబర్, శుక్రవారం

తెల్లారక ముందే జీపులో గుడిస గుట్ట. పైన చెట్లు లేవు, గడ్డి, మంచు. మబ్బులు మన కాళ్ల కింద ఉన్నాయని భాను అరిచింది. ఉన్నాయి.

జీపు దిగి చివరి గుట్ట నడిచి ఎక్కాం. వీరేందర్ వెనకనుంచి, జల్దీ నాయినా, ఆగొద్దు అంటున్నాడు. సగంలో రొమ్ములో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. ఎడమ చెయ్యి బరువెక్కింది. గడ్డి పట్టుకుని కూర్చుండిపోయాను. నోరు తెరిచాను కాని మాట రాలేదు.

వీరేందర్ చూశాడు. వాడి మొహం విప్పారింది.

"గిట్ల, నాయినా. బోర్డు ముందల గిట్లనే కూసోవాలె."

మధులత చప్పట్లు కొట్టింది. భాను కూడా కొట్టింది. వాళ్ల తప్పు లేదు. నేర్పింది వాళ్లే, నేర్చుకున్నాను అనుకున్నారు.

దుర్గ ఒక్కతే వచ్చి పక్కన కూర్చుని అరచెయ్యి నా రొమ్ము మీద పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"ఇది ఉట్టిది గాదు."

ఉట్టిదే అన్నాను. నటించిన అన్నాను. ఇంకా మూడు రోజులు ఉన్నాయి. నిజమని చెప్తే ఆమె టూరు ఆపుతుంది, ఆ సాయంత్రమే ఎక్కడో గోళీ కొనిపించి నా గొంతులో వేస్తుంది. అంకె దిగిపోతుంది. ఇవన్నీ ఆలోచించాకే చెప్పాను. ఆమె నా కళ్లలోకి చూసి, చెయ్యి తీసి, కొంగు చెవులకు చుట్టుకుంది. తల బరువుగా ఉందన్నది. చలి అనుకున్నాం.

అరగంటకు నొప్పి తగ్గింది. 178/102. వీరేందర్ ఆ అంకెను ఫోన్లో ఫోటో తీసుకున్నాడు.

23 నవంబర్, ఆదివారం

ఖమ్మం. ఆస్పత్రి. నిన్న రాయలేదు. క్రమంలో రాస్తున్నాను.

22వ తేదీ. 9:30 తిరుగు ప్రయాణం.

10:40. ఘాట్‌లో చాయకు ఆగాం. దుర్గ చేతిలోంచి గ్లాసు జారింది. కుడి చెయ్యి. చీర మీద పడ్డ చాయను ఆమె తుడుచుకోలేదు.

10:55. బండిలో వాంతి. మలుపులకు అనుకున్నాం. నిమ్మకాయ వాసన చూపించాం. అద్దాలు దించాం.

11:10. నీడలో బండి ఆపి పడుకోబెట్టాం. ఘాట్ తిరుగుడు తగ్గితే లేస్తుందని కూర్చున్నాం. నేను బండి చుట్టూ తిరిగాను. వీరేందర్ నన్ను చూసి, నాయినా నువ్వు గాబరా పడకు, అంటూ ఆగిపోయి, పడితే మంచిదేలే అని నవ్వాడు. మేమిద్దరం నవ్వాం. ఇది కూడా రాయాలి.

11:45. భాను వచ్చి, నానమ్మ సగం మూతితోనే నవ్వుతున్నది అని చెప్పింది.

12:50. చింతూరు. అక్కడినుంచి అంబులెన్సు. భద్రాచలం 2:30. ఖమ్మం 5:40.

మెదడులో ఎడమ వైపు రక్తం కారింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. ప్రాణం సంగతి నాలుగు రోజులు దాటితే చెప్తారు.

డాక్టరమ్మ ఏ గోళీలు వాడుతుందని అడిగింది. మధులత అత్త చేతిసంచి బోర్లించింది. దువ్వెన, పసుపు దారం, భాను రిబ్బను, ఒక గోళీల అట్ట. పది గోళీలకు పదీ ఉన్నాయి. ఇంటినుంచి తెచ్చుకుంది. నాలుగు గుట్టలు మోసింది. ఒక్కటి కూడా చింపలేదు. అత్తమ్మా, ఎందుకు ఏసుకోలే, అని మధులత ఖాళీ సంచిని అడిగింది.

చివరిసారి బీపీ ఎప్పుడు చూశారని డాక్టరమ్మ అడిగింది. నేను బుక్కు తెరిచి 20వ తేదీ చూపించాను. ఎందుకు కొట్టేశారు అంది. చిన్నపిల్ల కట్టిందండీ, తప్పు వచ్చింది అన్నాను.

ఆమె గీత కింది అంకె మీద వేలు పెట్టింది.

"చిన్నపిల్ల కరెక్టుగానే కట్టింది."

కోపంగా అనలేదు.

24 నవంబర్, సోమవారం

పోవద్దనుకున్నాను. వీరేందర్ కూడా అడగలేదు. వార్డు బయట నేల మీద మోకాళ్లలో తల పెట్టుకుని ఉన్నాడు. బండి తాళం వాడి చేతిలోనే ఉంది. రెండు రోజులుగా కింద పెట్టలేదు.

పొద్దున ఐదు గంటలకు లోపలికి పోయాను. దుర్గ ఎడమ కన్ను తెరిచి ఉంది. బోర్డు ఈ రోజే అన్నాను. కన్ను ఆర్పలేదు. అది పో అనో వద్దనో నాకు తెలియలేదు. ఇంత దూరం ఆమె దేనికోసం ఎక్కిందో ఆలోచించుకున్నాను. బయటికి వచ్చి వీరేందర్ భుజం తట్టాను.

8:50 కొత్తగూడెం. నా పేరు పిలిచారు. తలుపు లోపలికి రెండడుగులు వేశాను. గోడ పట్టుకున్నాను. డాక్టరు ఏమైంది అని అడిగాడు.

నాకు మాట రాలేదు.

మళ్లీ అడిగాడు. నోరు తెరిచాను. రాలేదు. పట్టీ కట్టారు. 214/120. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెంటనే పడుకోబెట్టి ఈసీజీ తీశారు. గుండె ఎటాక్ వచ్చిపోయిన గుర్తు ఉంది, ఈ వారంలోదే కావచ్చు అన్నారు. నొప్పి ఎప్పుడొచ్చింది, ఇంట్లో ఎవరికైనా చెప్పావా అని అడిగారు.

నాలుక కింద ఒక గోళీ పెట్టారు. పదకొండు రోజుల తర్వాత మొదటిది.

25 నవంబర్, మంగళవారం

భాను సైన్స్ ఫెయిర్‌కు పోలేదు.

9 డిసెంబర్, మంగళవారం

అన్‌ఫిట్. లెటర్ చేతికి వచ్చింది. వీరేందర్ కాగితాలు మొదలవుతాయి.

పంపు హౌసుకు పోయి లాగ్ బుక్కు అప్పజెప్పాను. చివరి పేజీలో మట్టం రాసి సంతకం పెట్టాను. సంపులో నీళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి.

సాయంత్రం వీరేందర్ ఆస్పత్రికి లెటర్ తెచ్చాడు. అమ్మా, అయింది అన్నాడు. తల్లి చేతిలో పెట్టాడు. కుడి చేతిలో. వేళ్లు మూసుకోలేదు. కాగితం మంచం కింద పడింది. వాడు వంగి తీయబోయి అక్కడే కూర్చుండిపోయాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. ఈ మాట ఇంకెవరికీ చెప్పను: వాణ్ణి లేపాలని నాకు అనిపించలేదు.

21 డిసెంబర్, ఆదివారం

దుర్గను ఇంటికి తెచ్చాం. మీటర్ చూడలేదు.

22 డిసెంబర్, సోమవారం, ఉదయం 6

దుర్గ 150/88. నాది 148/90.

చాయ నేను పెట్టాను. మూతలో రెండు గోళీలు.

దుర్గ నోరు తెరవలేదు. మధులత మూడుసార్లు బతిమాలింది. పళ్లు బిగబట్టింది. తర్వాత ఎడమ చెయ్యి మెల్లగా లేపి నా గొంతు వైపు చూపించింది.

నాది మింగాను. ఆమె చూసింది.

అప్పుడు తెరిచింది.